అయిదు వేల అడాప్టరూ... అమ్మ వాడిన ఉపాయమూ!

"పిన్నిగారూ, మీ చిన్నబ్బాయికి ఓసారి ఫోన్ కలుపుతారా? చిన్న సందేహం" అంటూ కిందటి నెల మా పక్క వాటా అమ్మాయి వచ్చింది. చేతిలో కాగితం. దాని మీద మూడు పేర్లు, పక్కన మూడు ధరలు.

సంగతేమిటంటే, వాళ్ల బావగారు తన పిల్లలు ఆడి వదిలేసిన ఎక్స్‌బాక్స్ 360 పెట్టెను వీళ్ల బాబుకి ఇచ్చారట. టీవీకి తగిలించి ఆడుకునే ఆటపెట్టె. వాడేమో "దీనికి వైఫై అడాప్టర్ కావాలి, కొను" అని రెండు వారాలుగా ప్రాణం తీస్తున్నాడట. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ అమ్మాయికి పాలుపోవడం లేదు.

"దీనికి మావాడెందుకమ్మా? కూర్చో, నేను చెప్తాను" అన్నాను.

నావంక అదోలా చూసింది. నిజమే మరి! ఏటీఎం కార్డు పిన్ను మార్చాలన్నా చిన్నాడికి ఫోన్ చేసే మనిషిని నేను. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు అనుభవం ఉంది. డబ్బు పోగొట్టుకుని మరీ సంపాదించిన అనుభవం!

ఒకే చాప మీద ఇద్దరు

అది 2010 సంగతి. మేము కాకినాడలో ఓ పాతకాలం ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నేను ప్రైవేటు బడిలో టీచర్ని. జీతం నాలుగున్నర వేలు. మాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దాడికీ చిన్నాడికీ తొమ్మిదేళ్ల తేడా. అయినా ఆ ఆటపెట్టె ముందు ఇద్దరూ ఒక ఈడువాళ్లే. బెంగళూరులో ఉండే మా తమ్ముడు రెండేళ్లు వాడి ఇచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అది. చాప పరుచుకుని, భుజం భుజం రాసుకుంటూ కూర్చుని ఒకటే కేకలు. నేనెన్నిసార్లు వైరు పీకేశానో లెక్కలేదు.

ఆ ఏడు ఆగస్టులో పెద్దాడు ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వెళ్లాడు. బ్యాంకు అప్పు, దానికి తోడు నా గాజులు తాకట్టు... ఈ కథ ఎన్ని ఇళ్లలో లేదు చెప్పండి!

వాడు వెళ్లాక చిన్నాడు ఆ పెట్టె వంకే చూడలేదు. ఒకప్పుడు ఆట ఆపమని అరిచిన నేనే "కాసేపు ఆడుకోరా" అంటే "ఒక్కణ్ణీ ఏం ఆడనమ్మా" అనేవాడు. ఆదివారం ఫోనొస్తే అన్నదమ్ముల మాటలు ఇంతే. "ఎలా ఉన్నావ్?" "బాగున్నా." "చదువుతున్నావా?" "ఆ." అంతటితో ఫోన్ నా చేతికొచ్చేది.

ఓ రోజు పెద్దాడే అన్నాడు. "అమ్మా, మా రూమ్మేట్ల దగ్గర ఇదే పెట్టె ఉంది. తమ్ముడి దానికి నెట్ పెట్టిస్తే ఇక్కడ నేను, అక్కడ వాడు కలిసి ఆడుకోవచ్చు" అని. పక్కనే నిలబడ్డ చిన్నాడి మొహం చూశాను. ఇంకేం ఆలోచించలేదు.

జీతం కంటే అడాప్టరే ఎక్కువ!

నెట్ ఇంట్లో ఉంది. కానీ టెలిఫోన్ లైను, దాని మోడెమ్ ముందు గదిలో. టీవీ వెనక గదిలో. మధ్యలో రెండు లావుపాటి గోడలు. మేకు కొట్టడానికి కూడా వీల్లేదన్నది ఇంటివాళ్ల షరతు. మోడెమ్‌లో వైఫై ఉంది సరే, దాన్ని అందుకునే ఏర్పాటు మా పెట్టెలో లేదు. ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో 2005లో, మన దేశంలో 2006లో వచ్చింది. ఆ తొలి రకాల్లో వైర్ పెట్టుకునే చోటు ఉండేదే కానీ వైఫై ఉండేది కాదు. విడిగా అడాప్టర్ కొనుక్కోవాలి. 2010 జూన్‌లో వచ్చిన సన్నరకం నుంచే వైఫై లోపల పెట్టి ఇస్తున్నారు.

మొదటి దుకాణంలో కంపెనీవారి అడాప్టర్ అయిదున్నర వేలన్నారు. అమెరికాలో కూడా అది దాదాపు 100 డాలర్లేనట. "లేదంటే ఈ పాతది ఇచ్చేసి సన్నది తీసుకోండి మేడమ్, లోపలే ఉంటుంది" అని ఉచిత సలహా ఒకటి. నా నెల జీతం కంటే అరచేతంత ప్లాస్టిక్ ముక్క ఖరీదు ఎక్కువా అని నోరెళ్లబెట్టాను.

రెండో దుకాణంలో బొటనవేలంత వైఫై డాంగిల్ చూపించారు. 450 రూపాయలు. "పెట్టెకి యూఎస్‌బీ ఉందా మేడమ్? ఉంటే చాలు, దేనికైనా పనిచేస్తుంది" అన్నాడు కుర్రాడు. ఎంత చవగ్గా కొట్టేశానో అని మురిసిపోతూ ఇంటికొచ్చాను. చిన్నాడు ముందు పెట్టాడు, వెనక పెట్టాడు, ఆపి మళ్లీ వేశాడు. ఊహూ... పెట్టె దాన్ని గుర్తుపడితేగా!

మర్నాడు తీసుకెళితే "కవరు చింపాక వెనక్కి తీసుకోం" అన్నారు. గొడవపడ్డాను, బతిమాలాను. లాభం లేకపోయింది. ఆ రాత్రి మా వారు ఏమీ అనలేదు కానీ, అననందుకే నాకు మరీ కష్టమనిపించింది.

టీచరమ్మ చెప్పిన పాఠం

మా బడిలో కంప్యూటర్ చెప్పే టీచరమ్మ దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె నవ్వి "రంధ్రంలో దూరిన ప్రతి తాళంచెవీ తాళం తియ్యదు కదండీ!" అంది.

కంప్యూటర్‌కి కొత్త వస్తువు తగిలిస్తే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మనం వేసుకోవచ్చు. ఆటపెట్టెలో అలా వేసుకోవడం కుదరదు. తన కంపెనీవారు ముందుగా పరిచయం చేసిన అడాప్టర్‌నే అది గుర్తుపడుతుంది. అందుకే యూఎస్‌బీలో ఇమిడినా ఆ డాంగిల్ దానికి పరాయిదే.

"అసలు మీరు పెట్టెకి వైఫై నేర్పాలని చూస్తున్నారు. ఆ అవసరమే లేదు. దానికి వైర్ వచ్చు కదా. వైఫైని మరొకరు అందుకుని వైర్‌లో పోసి దానికిస్తే సరిపోతుంది" అంది. ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. ఆవిడ చెప్పిన దారులు ఇవీ:

ఒకటి, మోడెమ్ నుంచి పెట్టె దాకా పొడుగాటి వైర్. అన్నిటికంటే చవక, అన్నిటికంటే నమ్మకం.

రెండు, ఇంట్లో లాప్‌టాప్ ఉంటే అది వైఫైని అందుకుని తన వైర్ చోటు నుంచి పెట్టెకి పంచుతుంది. పైసా ఖర్చుండదు. కానీ ఆడినంతసేపూ లాప్‌టాప్ వేసి ఉండాలి.

మూడు, 'క్లయింట్ మోడ్' ఉన్న చిన్న రూటర్. ఇంట్లోని వైఫైని అందుకుని మూరెడు వైరుతో పెట్టెకి ఇస్తుంది. పెట్టె ఏ కంపెనీదైనా ఒకటే. ఎందుకంటే దాని లెక్కలో వచ్చింది వైరే!

నాలుగు, కంపెనీవారి అడాప్టర్. తగిలిస్తే చాలు, వేరే తంటా ఉండదు. కాకపోతే ఆ ధర పెట్టగలగాలి.

"ఏది కొన్నా ముందు ఒక్కపూట వైరు నేలమీద పరిచి చూడండి. నెట్ సరిపోతుందో లేదో, పెట్టె బాగుందో లేదో తేలుతుంది. ఆ తర్వాతే డబ్బు తియ్యండి" అన్నదామె. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా 450 రూపాయలు మిగిలేవి.

అత్తయ్య కాలికి చుట్టుకుంది

పదిహేను మీటర్ల వైరు, మీటరు 12 చొప్పున 180. రెండు చివర్లా పిన్నులు కొట్టినందుకు 40. మొత్తం 220 రూపాయలు. గచ్చుమీద గోడవారగా పరిచాం. పెట్టె టక్కున నెట్‌లో కలిసింది. చిన్నాడు గంతులేశాడు. ఇంకేం కొనక్కర్లేదనుకుని నేనూ సంబరపడ్డాను.

నాలుగో రోజు తెల్లవారుజామున మా అత్తయ్య లేచి, చీకట్లో గడప దగ్గర వైరు కాలికి చుట్టుకుని తూలారు. మంచంకోడు అందబట్టి సరిపోయింది. డెబ్భయ్యేళ్ల మనిషి, తుంటి విరిగి ఉంటేనో! ఆవిడ "ఏం కాలేదులే" అన్నా నా గుండె దడ తగ్గలేదు. అప్పటికప్పుడు వైరు చుట్ట చుట్టి అటకెక్కించాను. వైరు చవకే. కానీ గోడకు బిగించే వీలు లేని ఇంట్లో, ముసలివాళ్లూ పసివాళ్లూ తిరిగేచోట నేలమీద వైరు పనికిరాదు.

దాంతో 1,600 పెట్టి క్లయింట్ మోడ్ ఉన్న రూటర్ కొన్నాం. ఈసారి దుకాణంలో డబ్బా తెరవకముందే "వేరే వైఫైని అందుకుని వైర్‌లో ఇస్తుందా? ఇవ్వకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకున్నాను. ఆదివారం టీచరమ్మ వచ్చి, ఒక్కసారి కంప్యూటర్‌కి తగిలించి మా వైఫై పేరూ పాస్‌వర్డూ దానికి నేర్పింది. మొదట బీరువా వెనక పెడితే మాటిమాటికీ తెగిపోయింది. ఇనుప బీరువా అడ్డమట. కిటికీ గట్టు మీదకి మార్చాక నిలకడగా వచ్చింది.

డాంగిల్‌కి 450, వైరుకి 220, రూటర్‌కి 1,600. మొత్తం 2,270. పోగొట్టుకున్నది కలుపుకున్నా కంపెనీ అడాప్టర్‌లో సగం కూడా కాలేదు.

అయితే ఖర్చు అక్కడితో ఆగలేదండోయ్! ఇంకొకరితో నెట్‌లో ఆడాలంటే అప్పట్లో 'గోల్డ్' సభ్యత్వం ఉండాలి. ఆ సంగతి దుకాణాల్లో ఒక్కరూ చెప్పలేదు. ఆ డబ్బు మేనమామ కానుకగా మా తమ్ముడు కట్టాడు. ఇంకో పని కూడా చేశాను. పదమూడేళ్ల పిల్లాడు కదా, ముక్కూమొహం తెలియనివాళ్లు మాట్లాడకుండా 'స్నేహితులతో మాత్రమే' అని సెట్టింగ్ మార్పించాను. రోజుకింతసేపే అని టైమర్ కూడా పెట్టించాను. ఆ పెట్టెలోనే ఈ సదుపాయాలున్నాయని ఎందరు తల్లులకు తెలుసు?

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి...

మనకి ఆదివారం పొద్దున్న ఎనిమిదంటే టెక్సాస్‌లో శనివారం రాత్రి. మొదట ఫుట్‌బాల్ ఆడారు. ఇక్కడ నొక్కింది అక్కడికి చేరేసరికి ఆలస్యమై బంతి ఎవరి మాటా వినలేదు. దూరాభారం కదా, ఏ అడాప్టర్ కొన్నా ఆ ఆలస్యం పోయేది కాదు. అప్పుడు పెద్దాడు 'ఊనో' పట్టాడు. రంగుముక్కల పేకాట. వంతుల వారీ ఆట కాబట్టి అరక్షణం ఆలస్యమైనా బాధలేదు. పైగా ముక్క వేస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు. ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడనివాళ్లు ఆటలో గంటసేపు మాట్లాడుకున్నారు!

నవంబరులో ఓ ఆదివారం. చిన్నాడు రోజూ పెట్టుకునే హెడ్‌ఫోన్‌లో కాకుండా ఆవేళ అన్న మాటలు టీవీలోంచే వినిపిస్తున్నాయి. నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను.

"లైబ్రరీలో పని దొరికిందన్నావుగా, ఎలా ఉంది?" అడిగాడు చిన్నాడు.

"దొరకలేదురా. రాత్రిళ్లు బ్రెడ్డుతో లాగించేస్తున్నా. అమ్మకి చెప్పకు. అసలే గాజులు తాకట్టులో ఉన్నాయి. చెప్పనని మాటివ్వు."

"చెప్పను."

పొయ్యి కట్టేసి అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. మాతో మాట్లాడిన ప్రతిసారీ "కడుపునిండా తింటున్నానమ్మా" అన్న పిల్లాడు! కన్నతల్లికి చెప్పలేని మాట ఆటలో తమ్ముడికి చెప్పుకున్నాడు. ఆ ఆటే లేకపోతే ఎవరికి చెప్పుకునేవాడు?

విన్నానని ఎవరికీ చెప్పలేదు. మా వారితో మాత్రం మాట్లాడాను. సంక్రాంతికి ఫ్రిజ్ కొందామని దాచిన డబ్బుంది. "చీటీ పాడానురా, నీ వాటా పంపిస్తున్నా" అని పెద్దాడికి పంపించాం. ఏ చీటీ లేదు, ఏ పాటా లేదు. వాడొక అబద్ధం ఆడితే నేనొకటి ఆడాను. అంతే! తర్వాతి సెమిస్టరులో వాడికి నిజంగానే పని దొరికింది. ఫ్రిజ్ మరుసటేడు వచ్చింది.

ఇప్పుడు కొనేవాళ్లకి

ఇంతా విని పక్క వాటా అమ్మాయి "మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు పిన్నీ?" అంది. ఆమెకు చెప్పినవే మీకూ చెబుతున్నాను.

* ముందు మీ పెట్టె ఏ రకమో చూడండి. ఎక్స్‌బాక్స్ 360లో 2010 నాటి సన్నరకానికీ, 2013లో వచ్చిన రకానికీ వైఫై లోపలే ఉంది. ప్లేస్టేషన్ 3లో తొలినాటి 20 జీబీ రకానికి తప్ప మిగిలినవాటికి ఉంది. ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్, నింటెండో స్విచ్‌లకు అడాప్టర్ అక్కర్లేదు. ఎవరైనా కొనమంటే అనుమానించండి.

* పేరు చూసి మోసపోవద్దు. 'ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అడాప్టర్' పేరుతో ఇప్పుడు అమ్మే చిన్న ముక్క కంప్యూటర్‌కీ చేతిలో పట్టుకునే కంట్రోలర్‌కీ సంబంధం కలిపేది. నెట్‌కి సంబంధించింది కాదు.

* ఫోన్ హాట్‌స్పాట్ ఉందిగా అనుకోకండి. హాట్‌స్పాట్ కూడా వైఫైయే. అందుకునే ఏర్పాటు పెట్టెలో లేకపోతే దాంతో లాభం లేదు.

* వైఫై సిగ్నల్ పెంచడానికి ఇప్పుడు దొరికే రిపీటర్లలో చాలావాటికి వైర్ పెట్టుకునే చోటుంటుంది. అలాంటిదో, క్లయింట్ మోడ్ ఉన్న రూటరో అయితే మామూలుగా వెయ్యి, రెండు వేల మధ్యలో పనైపోతుంది. డబ్బా మీద ఆ చోటు ఉందో లేదో చూసి, వెనక్కి తీసుకుంటారో లేదో అడిగి కొనండి.

* పాత పెట్టెలకి కొత్త తాళాలు తెలియవు. వైఫై భద్రత 'డబ్ల్యూపీఏ3' ఒక్కటే పెట్టి ఉంటే పాత అడాప్టర్లు కలవవు. 'డబ్ల్యూపీఏ2' కూడా ఉండాలి. రూటర్ రెండు పేర్లు చూపిస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ పేరుకే కలపండి. గోడలు దాటడంలో అదే మేలు.

* అసలు నెట్ అవసరమా అని అడగండి. ఎక్స్‌బాక్స్ 360 ఆటలమ్మే దుకాణాన్ని 2024 జూలై 29న మూసేశారు. ఆ పెట్టె మీద కొత్త ఆటలు కొనలేరు. ఇదివరకు కొన్నవి మళ్లీ దించుకోవచ్చు. డిస్కు ఆటలు ఇంట్లో కూర్చుని ఆడుకోవడానికి నెట్ ఉండనక్కర్లేదు.

"అన్నిటికంటే ముందు, ఎవరితో ఆడాలనుకుంటున్నాడో మీవాణ్ణి అడుగు" అన్నాను. ఆ అమ్మాయి తెల్లబోయింది. రెండు వారాలుగా ధరలే కనుక్కుంది కానీ ఆ మాట అడగనే లేదు!

ఆ దుకాణం మూతపడిన కబురు విని, 2024లో మా పిల్లలిద్దరూ నాకు వీడియో కాల్ చేశారు. పాత కబుర్లు వచ్చాయి. "అమ్మా, అప్పుడు చీటీ లేదు కదూ?" అన్నాడు పెద్దాడు. నేను చిన్నాడి వంక చూశాను. మాట తప్పాడేమోనని.

"నేనేం చెప్పలేదు. చెప్పనని మాటిచ్చాను, అంతే. టీవీలో వినిపించనని ఇవ్వలేదుగా!" అన్నాడు వాడు.

పధ్నాలుగేళ్లు! ఆవేళ హెడ్‌ఫోన్ పాడైందనే అనుకున్నాను నేను.

పక్క వాటా అమ్మాయి మర్నాడు సాయంత్రం వచ్చింది. వాళ్ల బాబు ఆడాలనుకుంటున్నది ఎక్కడో ఉన్నవాళ్లతో కాదట. వెనక వీధిలో ఉండే తన క్లాసు పిల్లాడితో. వాడింటికి రాడేమోనని, నెట్ ఉంటే ఆడతాడేమోనని వీడి ఆశ. ఆ అమ్మాయి కాగితం చింపేసి, రెండో కంట్రోలర్ ఒకటి పాతదే కొంది. ఆ పిల్లాడి తల్లికి తనే ఫోన్ చేసి రమ్మంది.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నయితే చాలు, పక్క వాటాలోంచి ఒకటే కేకలు. కాసేపటికి "వైరు పీకేస్తా చూడండి!" అని ఆ అమ్మాయి గొంతు. వింటూ నవ్వుకుంటూ ఉంటాను.